ఇరవై తొమ్మిదో చెయ్యి

“మీ చెయ్యి ఇక్కడే ఉంటుంది. మీరు పెద్దవాళ్ళయి, ముసలివాళ్ళయి, మీ మనవలకి మనవలు పుట్టినా ఇక్కడే ఉంటుంది. పొద్దున కొండ మీద గుహలో చూశారుగా, వాళ్ళ చేతులు ఉన్నాయా లేవా?”

“ఉన్నాయి” అని ముప్పై గొంతులు ఒక్కసారే లేచాయి.

టీచరు ఈ మాటలు వారానికి రెండుసార్లు చెప్తుంది. మంగళవారం ఒక బడి, గురువారం ఒక బడి. పొద్దున పిల్లల్ని బస్సులో కొండకి తీసుకెళ్ళి రాతియుగం మనుషుల చేతిగుర్తులున్న గుహ చూపిస్తుంది. మధ్యాహ్నం మ్యూజియం వెనక షెడ్డులో పనిలో పెడుతుంది. రాయిని రాయితో కొట్టి పెచ్చు లేపడం, ఆ పెచ్చుతో తోలుముక్క కొయ్యడం, ఇసక తొట్టిలో బ్రష్షుతో మెల్లగా తవ్వి, తను పొద్దున్నే పాతిపెట్టిన ఎముకనీ కుండపెంకునీ బయటికి తియ్యడం. అన్నిటికంటే చివర గోడ. షెడ్డు చివరి గోడని గుహ గోడలాగే ఎగుడుదిగుడుగా మెత్తించింది. దాని మీద ఒక పిల్ల చెయ్యి ఆనిస్తుంది. ఇంకో పిల్ల ఎర్రమట్టి నీళ్ళ గిన్నెలో ఒక రెల్లుగొట్టం నిలబెట్టి, రెండో గొట్టంతో దాని మూతి మీదుగా ఊదుతుంది. రంగు తుంపరగా లేచి చెయ్యి చుట్టూ పడుతుంది. చెయ్యి తీస్తే తెల్లటి చెయ్యి, చుట్టూ ఎరుపు. ఎంత కోతిమూకైనా ఆ క్షణంలో నోరు మూసుకుంటుంది. ఆ నిశ్శబ్దం కోసమే తన కోడలు పదకొండేళ్ళుగా ఈ ఉద్యోగం పట్టుకుని వేలాడుతోందని టీచరు అత్తగారి అభిప్రాయం. అది నిజం కూడా.

పిల్లలకి చెప్పని సంగతి ఒకటుంది. శనివారం శనివారం అటెండరు బకెట్టులో సున్నం కలిపి ఆ గోడంతా తెల్లగా కొట్టేస్తాడు. వచ్చే వారం పిల్లలకి చోటు కావాలి కదా. “ఈ గోడ తాగిన సున్నంతో నాకో ఇల్లు లేచేది మేడమ్” అని అతను ప్రతిసారీ అంటాడు, ఆమె ప్రతిసారీ నవ్వుతుంది. తను అబద్ధమాడుతున్నానని ఆమెకి ఏనాడూ అనిపించలేదు. పూత కింద చేతులు ఉంటాయిగా, ఎక్కడికి పోతాయి, అని ఎవరూ అడగకపోయినా సమాధానం సిద్ధంగా పెట్టుకుంది.

ఆ మంగళవారం అడిగే మనిషి వచ్చాడు.

పిల్లల బస్సు వెళ్ళిపోయింది. ఆమె తొట్టి దగ్గర గొట్టాలు కడుగుతోంది. గుమ్మంలో ఎవరో నిలబడి గొంతు సవరించుకున్నారు. నలభై దాటని మనిషి, ప్యాంటు మీద రకరకాల రంగుల చుక్కలు, గోళ్ళ చుట్టూ తెలుపు.

“టికెట్టు ముందు గదిలో ఇస్తారండీ.”

“తీసుకున్నానమ్మా” అని చేతిలో చీటీ చూపించాడు. అటూ ఇటూ చూడకుండా తిన్నగా గోడ దగ్గరికి నడిచి, ఎడమవైపు కింది మూలన గొంతుక్కూచున్నాడు. ఖాళీగా ఉన్న తెల్లటి గోడ మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

“ఇక్కడ చేతులుండాలి కదా మేడమ్.”

“కుడివైపున్నాయి చూడండి, ఇవాళ్టివి. ఎడమవైపు గురువారం పిల్లలు వేస్తారు. పాతవాటి మీద సున్నం కొట్టేస్తాం.”

“కొట్టేస్తారా” అన్నాడు అతను. “ఎప్పటికీ ఉంటాయని చెప్పారంట కదా మీరు. మా పాప చెప్పింది” అన్నాడు.

ఇలాంటి తండ్రులు అప్పుడప్పుడు తగులుతుంటారు. ఆమె దగ్గర తయారుగా ఉన్న మాటే తీసింది. “పాపని మళ్ళీ తీసుకురండి. ఇంకోటి వేయిస్తాను. టికెట్టు కూడా అక్కర్లేదు.”

అతను గోడవైపు నుంచి ముఖం తిప్పలేదు. “నెలా పదిహేను రోజులైందండీ. మూడు రోజులే జ్వరం.”

ఆమె చేతిలో గొట్టాలు చేతిలోనే ఉండిపోయాయి. కుళాయి కట్టేయాలని కూడా తోచలేదు, నీళ్ళు తొట్టి నిండి కాళ్ళ మీద పడుతుంటే అటెండరు వచ్చి కట్టాడు.

“మూడో క్లాసు” అని అతనే చెప్పుకుపోయాడు, ఆమె అడక్కపోయినా. “మీకు గుర్తుంటుందో లేదో. ముందుపళ్ళు రెండూ ఊడిన పిల్ల. బోసిపాప అంటారు బళ్ళో.”

గుర్తులేకపోవడమేమిటి. రెల్లుగొట్టం ఆ పళ్ళ సందులో కొలిచి చేసినట్టు కూర్చుంది. మిగతా పిల్లలు ఊదితే రంగు కారి బొట్లుబొట్లుగా పడుతుంటే ఆ పిల్ల ఊదినప్పుడు పొగమంచులా పరుచుకుంది. దాంతో అందరూ “నాకు బోసిపాపే ఊదాలి” అని వరస కట్టారు. పదకొండేళ్ళలో అంత బాగా ఊదిన పిల్లని ఆమె చూడలేదు. ఆ మాటే చెప్పింది తండ్రితో.

“ఇంట్లో కూడా అదే గొడవండి. కాఫీ గ్లాసులో గొట్టం పెట్టి ఊది నా చొక్కాలన్నీ పాడుచేసింది. ఎడమవైపు కింద మూలన, నా మోకాలంత ఎత్తులో నా చెయ్యుంది, ఎప్పటికీ ఉంటుంది అని వాళ్ళమ్మకి రోజూ చెప్పేది. మా ఆవిడ ఇప్పుడు అదొక్కటే అడుగుతోంది. దాని చెయ్యి చూపించు అంటుంది. మంచం దిగదు. తిండి తినదు. చూపిస్తానని చెప్పి వచ్చేశాను.”

అంటూనే అతను జేబులోంచి వెడల్పాటి రేకు బద్ద తీశాడు. గోడలకి రంగులు వేసేవాళ్ళ దగ్గర ఉండే బద్ద, అంచు అరిగి అద్దంలా ఉంది. దాని కొనతో మూలన చిన్న పెచ్చు లేపి, వెలుతురుకి పట్టుకుని అంచు చూశాడు.

“ఎనిమిది పూతలు. ఎవరు కలిపారు ఈ సున్నం?”

“నేనే. ఏం?” అన్నాడు అటెండరు, యుద్ధానికి సిద్ధపడి.

“జిగురు కలపలేదు మీరు.”

“పిల్లల గోడకి జిగురెందుకయ్యా, దండగ.”

“కలపనందుకు మీకు దండం పెట్టాలి” అన్నాడు రంగులాయన. “పూతకీ పూతకీ మధ్య ఎర్రమట్టి ఉంది. పట్టు లేదు. ఓపిక పడితే ఒక్కో పూతా విడిగా లేస్తుంది.”

టీచరు బీరువాలోంచి తన పనిముట్లు తెచ్చింది. సన్నటి కత్తి, పళ్ళ డాక్టర్లు వాడే కొక్కేలు, మెత్తటి బ్రష్షులు. గోడ మూలన జానెడు వెడల్పు, జానెడు పొడవు చతురస్రం గీసింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మొదటి పూత లేపడం మొదలుపెట్టారు. మ్యూజియం మూసేవేళకి రెండు పూతలు లేచాయి.

బుధవారం ఏ బడీ రాదు. అతను పని ఎగ్గొట్టి పొద్దున్నే వచ్చాడు.

మూడో పూత కింద ఒక బొటనవేలు బయటపడింది. అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“అది కాదండీ” అంది టీచరు తొందరగా. “ఇది రెండు మూడు వారాల కిందటి బడి. మనం ఇంకా కిందికి పోవాలి.”

“మరి దీన్నేం చేద్దాం?”

“లేపెయ్యాలి. తవ్వకమంటే అంతే. పైది పోగొట్టుకుంటేనే కిందిది దొరుకుతుంది.”

అతను బద్ద ఆనించాడు, మళ్ళీ తీశాడు. “ఈ పిల్లలందరూ బాగానే ఉన్నారా మేడమ్?”

“ఉండే ఉంటారు.”

“అయితే ఫరవాలేదు” అని ఆ బొటనవేలిని లేపేశాడు. లేచిన పెచ్చుల్ని మాత్రం నేల మీద పడనివ్వకుండా దోసిట్లో పట్టి పాత పేపరు మీద పోగుపెట్టాడు.

గోడలు నున్నగా చేయడం అతని పని. గోడల్ని విప్పి చూడటం ఆమె పని. అయినా మధ్యాహ్నానికల్లా ఇద్దరి చేతులకీ ఒక లయ కుదిరింది. ఆమె కొక్కెంతో అంచు వదులు చేస్తే అతను బద్ద జొనిపి రేకులా లేపేవాడు. మాటల మధ్యలో పిల్ల కబుర్లు చెప్పాడు. అది ఇంటి వెనక మట్టి తవ్వి, దొరికిన ప్రతి బొమికనీ బడి సంచిలో వేసుకునేదట. వాళ్ళమ్మ ఆ సంచి దులిపిన రోజు ఇల్లు పీకి పందిరేసిందట. “ఎముకలకి నంబర్లు వేసింది మేడమ్. మీరు నేర్పారని. కోడి కాలికి నాలుగో నంబరు” అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వినందుకు ఇద్దరికీ ముఖం చెల్లక మళ్ళీ గోడ పనిలో పడ్డారు.

సాయంత్రానికి ఆరు పూతలు లేచాయి. రెండే మిగిలాయి. అతను లేచి నడుం విరుచుకున్నాడు.

“రేపు నాలుగింటికి మా ఆవిడని తీసుకొస్తాను. నిన్న చెప్పాను, దొరుకుతుందని. లేచి కూర్చుంది. తల దువ్వుకుంది. నెలన్నరగా గడప దాటని మనిషి, రేపు ఏ చీర కట్టుకోను అని అడిగింది.”

“రండి” అంది టీచరు.

గోడకి సున్నం కొట్టే ముందు ప్రతి బడి గోడనీ ఆమె గళ్ళ కాగితం మీద గీసి పెడుతుంది. తవ్వేవాళ్ళ అలవాటది. చెరిపేసే ముందు గీసిపెట్టాలి. ఏ చెయ్యి ఎక్కడుంది, నంబరు, పక్కన పిల్ల పేరు. మిగిలిన రెండు పూతల కింద చెయ్యి సరిగ్గా ఎక్కడ తగులుతుందో చూసుకుందామని పాప వచ్చిన రోజు కాగితం సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళింది.

అత్తగారు వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది. కోడలు పీట వాల్చుకుని కూర్చుని కాగితం విప్పింది. కొండ, గుహ, బడి, తారీఖు, ఇరవై తొమ్మిది మంది. ఎడమవైపు పై నుంచి ఒకటి, రెండు, మూడు. ఇరవై ఎనిమిది దాకా అన్నీ అయిదు వేళ్ళతో బుద్ధిగా గీసి ఉన్నాయి. కింది మూలన, నేల దగ్గర, ఇరవై తొమ్మిది. అక్కడ చెయ్యి లేదు. గుండ్రంగా ఒక సున్నా ఉంది. సున్నా పక్కన ఆ పిల్ల పేరు, పేరు పక్కన తన చేతిరాతతోనే “తర్వాత” అని ఉంది.



అంతా కళ్ళ ముందుకొచ్చేసింది. బస్సు డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. అందరికీ ఊదిన పిల్లకి ఊదేవాళ్ళు మిగల్లేదు. గొట్టం పట్టుకుని వచ్చి “టీచర్, నాది” అంది. “అయ్యో, నీది ఉండిపోయిందా” అని తను బొగ్గుముక్కతో మూలన గబగబా ఒక సున్నా చుట్టింది. “ఇది నీ చోటు. మళ్ళీ వచ్చినప్పుడు మొదటి చెయ్యి నీదే.” “చెరిపెయ్యరుగా?” అంది పిల్ల. “చెరపం” అంది తను. శనివారం వచ్చింది, అటెండరు బకెట్టు తెచ్చాడు, అంతే సంగతులు. పనిమంతురాలైన పాపానికి ఆ పిల్ల అందరి వెనకా నిలబడింది. ఇంటికెళ్ళి లేని చెయ్యిని ఉందని వాళ్ళమ్మకి చెప్పుకుంది.

“ఏమైందే, ముఖం అలా పెట్టావ్?” అంది అత్తగారు.

కోడలు చెప్పింది. అత్తగారి వేళ్ళు ఒక కాయ దగ్గర ఆగి, మళ్ళీ కదిలాయి.

“రేపు ఆ తల్లి వస్తుంది. నువ్వు ఖాళీ సున్నా చూపిస్తావు.”

“నిజం అదే కదా అత్తయ్యా.”

“రేపు ముప్పైమంది పిల్లలు వస్తారుగా నీ దగ్గరికి. ఒక చెయ్యి దొరకదూ?”

“అలా చేస్తే ఇంకేముంది. లేనిదాన్ని పాతిపెట్టి తవ్వి తీశానన్న మనిషి ముఖం మా పనిలో మళ్ళీ ఎవరూ చూడరు. అంతకంటే పెద్ద తప్పు లేదు.”

“మరి వారం వారం ఇసక తొట్టిలో నువ్వు పాతేదేమిటి?”

“అది పిల్లల కోసం.”

“ఇది పిల్ల తల్లి కోసం” అంది అత్తగారు. ఒలిచిన గింజలు గిన్నెలోకి దులిపి లేస్తూ, “మీ పనిలో తప్పులన్నీ చచ్చినవాళ్ళ గురించేనా అమ్మాయ్? బతికున్నవాళ్ళ గురించి ఒక్కటీ లేదా?” అంది.

కోడలు ఆ పూట అన్నం కెలికి వదిలేసింది.

గురువారం పిల్లలు రాకముందే ఆమె షెడ్డు తలుపు తీసింది. మిగిలిన రెండు పూతలూ ఒక్కతే లేపింది. ఆఖరి పూత రేకులా ఊడి రాగానే బొగ్గు సున్నా కనిపించింది. నిన్న గీసినంత నల్లగా ఉంది. లోపల తెలుపు తప్ప ఏమీ లేదు. అంచు మీద అక్కడక్కడ ఎర్రటి చుక్కలున్నాయి. పైనున్న చేతి రంగు కారి ఉంటుందనుకుంది. ఇంకోసారి చూడాలని ఉన్నా బస్సు వచ్చేసింది.

కొండెక్కింది, దిగింది, రాళ్ళు కొట్టించింది, తవ్వించింది. నోరు దానంతటది పాఠం చెప్పుకుపోతోంది. కళ్ళు మాత్రం చేతుల మీదే ఉన్నాయి. ఎవరి చెయ్యి ఎంతుంది అని పిల్లల్ని సరుకు ఏరినట్టు ఏరుతున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. చివరికి ఒక పిల్లని ఎంచింది. క్లాసులో అందరికంటే పొట్టిది, జడకి రిబ్బను జారిపోయి ఉంది. గోడ దగ్గర అలవాటు చొప్పున “మీ చెయ్యి ఇక్కడే ఉంటుంది” అని మొదలుపెట్టబోయి, మధ్యలో ఆపేసి, “వెయ్యండి” అంది.

అందరివీ అయ్యాక పొట్టిపిల్లని మూలకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

“ఇది ఎవరి చోటు టీచర్?” అంది పిల్ల సున్నా చూసి.

“ఒక అక్కది.”

“ఆ అక్క ఏదీ?”

“రాలేదు.”

“నేను వేస్తే ఉంటుందా?”

“ఉండదమ్మా. నీ చెయ్యి మీద సున్నం వేస్తాను” అంది టీచరు. పదకొండేళ్ళలో ఒక పిల్లకి ఈ గోడ గురించి ఆమె చెప్పిన మొదటి నిజం అదే.

“మరెందుకు వెయ్యడం?”

“ఆ అక్క వాళ్ళమ్మ కోసం.”

“సరే” అని పిల్ల చెయ్యి ఆనించి, రంగు పడకుండా కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఊదడానికి టీచరు ఎవరినీ పిలవలేదు. గొట్టం తనే నోట పెట్టుకుంది. నోటినిండా పళ్ళున్న మనిషి, ఊపిరి పక్కలకి పోయింది, రంగు బొట్లుబొట్లుగా కారింది. మళ్ళీ ఊదింది. ఎరుపు చేతి చుట్టూ పాకి, సున్నా గీత దాకా వచ్చింది. అప్పుడు చూసింది. అంచు మీద ఉన్నవి కారిన చుక్కలు కావు. గీత వెంట వరసగా అయిదు, ఒక్కోటీ కందిగింజంత, మధ్యలో సన్నటి గీతలతో. వేలిముద్రలు.

“చెరిపెయ్యరుగా” అన్నప్పుడు ఆ పిల్ల వేళ్ళు రంగుతో ఎర్రగా ఉన్నాయి. ఆ వేలితోనే సున్నా చుట్టూ దిద్దుకుంది, ఇది నాది అన్నట్టు. అది ఈమె చూసింది. చూసి కూడా రెండు నెలల్లో మరిచిపోయింది. ఇప్పుడు జ్ఞాపకం వచ్చేసరికి నోట్లో ఉన్న ఊపిరి అప్పటికే గొట్టం దాటిపోయింది. ఎర్రటి తుంపర ఆ అయిదింటి మీదా పడి, చూస్తుండగానే అంతా ఒకటే ఎరుపైపోయింది.

తడిగుడ్డ తీసుకుంది, అద్దబోయింది, ఆగింది. అద్దితే కిందివీ వచ్చేస్తాయి. ఈ లోకంలో ఆ తల్లికి చూపించడానికి నిజంగా మిగిలిన అయిదు గుర్తుల్ని, ఇలాంటివి కాపాడటమే చదువుకున్న మనిషి, తన నోటితో ఊది కప్పెట్టింది.

“అయిపోయిందా టీచర్, తియ్యనా?” అంది పొట్టిపిల్ల కళ్ళు మూసుకునే.

“తియ్యమ్మా” అంది. తెల్లటి చెయ్యి ఒకటి ముద్దుగా గోడ మీద నిలబడింది.

బస్సు వెళ్ళాక గళ్ళ కాగితం తీసి, “తర్వాత” కింద పెన్సిలుతో రాసింది. “అంచున అయిదు వేలిముద్రలు, ఎరుపు, పాపవి. పైన వేరే చెయ్యి. నా పని.” అక్షరాలు వంకర పోయాయి. తర్వాత బల్లఫ్యాను పెట్టి గోడ ఆరబెట్టింది. ఆరీ ఆరని దాని మీద పల్చగా రెండుసార్లు సున్నం అద్దింది. నాలుగు కావస్తుంటే చేతులు కడుక్కుంది.

వాళ్ళు చెప్పిన వేళకే వచ్చారు. తల్లి సన్నటి మనిషి, తడి ఆరని తల, ఇస్త్రీ చీర. చాలా రోజుల తర్వాత ఎండలోకి వచ్చినట్టు కళ్ళు చికిలించుకుని షెడ్డంతా చూసింది. ఇసక తొట్టి చూసింది. రాళ్ళ బుట్ట చూసింది. “ఇక్కడేనా మా పాప తవ్వింది” అంది. అవునంటే తొట్టి గట్టు మీద చెయ్యేసి కొంచెంసేపు నిలబడింది. టీచరు పిల్లలు కూర్చునే చిన్న స్టూలు వేస్తే దాని మీద ఒదిగి కూర్చుంది.

రంగులాయన బద్ద తీసుకుని మూలకి వెళ్ళి గొంతుక్కూచున్నాడు. ముఖం గోడ దగ్గరికి పోనిచ్చాడు. ముక్కుపుటాలు కదిలాయి. కొత్త సున్నం వాసన అతనికి తెలియనిదా. వేలు పెట్టి చూశాడు. గులాబిరంగు తడి పేస్టులా వేలికి అంటుకొచ్చింది. ఆ వేలు చూసుకున్నాడు. తల తిప్పి టీచర్ని చూశాడు.

ఆమె తల వంచుకుంది. ఇప్పుడు అరుస్తాడు, అరవనీ, అనుకుంది. అరిస్తే బాగుండును. అన్నీ చెప్పేయొచ్చు, ఆ అయిదు వేలిముద్రల సంగతి కూడా.

అతను అరవలేదు. వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు, అక్కడున్న అన్ని రంగుల మధ్యా ఆ ఎరుపు కలిసిపోయింది. బద్ద సరిచేసుకుని, భార్యకి తన వీపు అడ్డం పెట్టి పని మొదలుపెట్టాడు. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయే పూత అది. దాన్ని అతను పావుగంట లేపాడు. గట్టిగా ఉన్నట్టు బద్ద నొక్కాడు. మధ్యలో ఆగి చెమట తుడుచుకున్నాడు. “మేడమ్, ఆ చిన్న కొక్కెం ఇలా ఇవ్వండి” అన్నాడు. ఆమె ఇచ్చింది. “బ్రష్షు.” బ్రష్షు ఇచ్చింది. లేని పెచ్చుల్ని దోసిట్లో పట్టి పేపరు మీద పోశాడు.

“దొరికిందా?” అంది వెనకనించి తల్లి.

“ఉండు. తొందరపడితే విరుగుతుంది.”

ఆఖరికి జరిగి చోటిచ్చాడు. “రా” అన్నాడు.

తల్లి స్టూలు మీంచి లేవకుండానే నేలకి జారి, మోకాళ్ళ మీద వచ్చింది. ముందు చూసింది. తర్వాత ఆ చిన్న చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది. వేలు మీద వేలు, బొటనవేలి మీద బొటనవేలు, నిదానంగా, నిద్రపోయే పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు. రోజూ ఆ చెయ్యి కడిగిన మనిషి, గోళ్ళు తీసిన మనిషి, పలక మీద పెట్టి దిద్దించిన మనిషి. ఆమె వేళ్ళు రెండుసార్లు సర్దుకున్నాయి. మూడోసారి ఆగిపోయాయి.



“పెద్దదైంది” అందామె.

“అమ్మా, అది...” అని టీచరు ముందుకొచ్చింది.

“గోడ మీద రంగు కాస్త పరుచుకుంటుంది” అన్నాడు రంగులాయన, టీచరు మాటకి అడ్డంపడి. “అందుకని అలా ఉంటుంది.”

“కాదు” అంది తల్లి. కోపం లేదు, ఏడుపు లేదు. నెలన్నరకి మొదటిసారి ఒక సంగతి తనకి అర్థమైన మనిషిలా చెప్పింది. “రెండు నెలలైందిగా. ఎదిగింది.”

అలా ఎంతసేపుందో. ఆరని ఎరుపు ఆమె అరచేతికి అంచుల్లో అంటుకుంది. లేచాక ఆ చెయ్యి కడుక్కోమని టీచరు కుళాయి చూపిస్తే వద్దంది. పిడికిలి మూసుకుని, కొంగు చుట్టుకుంది.

“మళ్ళీ నెల వస్తానండీ” అంది గుమ్మంలో ఆగి. “చూసి వెళ్తాను.”

“రండమ్మా” అంది టీచరు. ఇంకేమంటుంది.

భార్యని గేటు దగ్గర నిలబెట్టి రంగులాయన వెనక్కి వచ్చాడు. బద్ద మరిచిపోయానన్నాడు. బద్ద అతని జేబులోనే ఉంది. టీచరు చెప్పేసింది, ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా. పాప వంతు రాలేదని, సున్నా తనే గీశానని, అంచు మీద అయిదు వేలిముద్రలు నిజంగా పాపవేనని, వాటి మీద తనే ఊదానని, అవి ఇప్పుడు ఆ ఎరుపు కింద ఉన్నాయని. కాగితం కూడా చూపించింది.

అతను కాగితం పట్టుకుని ఇరవై తొమ్మిదో నంబరు దగ్గర కూతురి పేరు చదువుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్ళి, చెయ్యి జోలికి పోకుండా, దాని చుట్టూ ఎరుపు మీద, తాకీ తాకకుండా వేలు తిప్పాడు. ఎక్కడున్నాయని అడగలేదు.

“దీని మీద జిగురు నీళ్ళు పల్చగా కొట్టండి, రాలకుండా ఉంటుంది” అన్నాడు. “ఆ అయిదూ కూడా.”

“అలాగే.”

గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే మళ్ళీ ఆగాడు. బయట గేటు దగ్గర అతని భార్య కొంగు విప్పి, అరచెయ్యి చూసుకుంటోంది.

“నెల తిరిగేసరికి నిజంగానే వస్తుంది మేడమ్” అన్నాడు. “దీని పక్కన ఇంకోటి వేయించండి. కాస్త పెద్ద చెయ్యి చూసి.”